వెలుగు జమాఖర్చు

వెలుగుకు ద్రవ్యరాశి లేదు, విద్యుదావేశం లేదు, విడగొడితే బయటపడే భాగాలు లేవు. ఇంటర్ ఫిజిక్స్‌లో చదువుకున్న ఈ మూడు మాటలూ నిజమే. అయినా జర్మనీలో హాంబర్గ్ నగరం కింద 6.3 కిలోమీటర్ల చుట్టుకొలత ఉన్న సొరంగంలో 1992 నుంచి 2007 దాకా నడిచిన హేరా యంత్రం ఇంకో సంగతి చూపించింది. అక్కడ ఫోటాన్, అంటే వెలుగు కణం, వెళ్లి ప్రోటాన్‌ను గట్టిగా ఢీకొన్నప్పుడు చాలాసార్లు ఫోటాన్ మొత్తం ఆ ఢీలో పాల్గొనలేదు. అందులోంచి, ప్రోటాన్‌లో ఉండే క్వార్కుల లాంటి ఒక క్వార్కో, క్వార్కులను కలిపి ఉంచే ఒక గ్లూవానో మాత్రమే వెళ్లి తాకింది. మిగతాది దాని దారిన అది ముందుకు సాగిపోయింది. భాగాలే లేనిదానికి ఈ మిగతాది ఎక్కడిది?

ఈ ప్రశ్నకు జవాబు రాబట్టిన తీరు ఆధునిక భౌతికశాస్త్రంలోని గొప్ప పనితనాల్లో ఒకటని నా గట్టి నమ్మకం. ఇందులో ఎవరూ ఫోటాన్‌ను తెరిచి చూడలేదు, చూడడం సాధ్యమూ కాదు. ప్రతి దశలోనూ ఎవరో ఒకరు ఏది లెక్కపెట్టాలో సరిగ్గా ఎంచుకున్నారు. చేతికి అందనిది ఎంత పోయినా ఫలితం చెడకుండా లెక్కను తీర్చిదిద్దారు. ఆ ఎంపికలను దగ్గరగా చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

క్షణకాలపు జంట

ముందు వెలుగులోకి క్వార్కులు ఎలా వస్తాయో చూద్దాం. ఫోటాన్ అతి కొద్దికాలం పాటు ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు జంటగా మారి తిరిగి ఫోటాన్ కాగలదు. అనిశ్చితత్వ సూత్రం ఇందుకు అనుమతి ఇస్తుంది, దాంతో పాటే గడువూ పెడుతుంది. ఆ గడువును ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఫోటాన్ శక్తిని రెట్టింపు చేసి, ఆ జంట ద్రవ్యరాశి వర్గంతో భాగించాలి. వచ్చినదాన్ని దూరంలోకి మార్చుకుంటే, ఫోటాన్ ఆ రూపంలో ఎంత దూరం ప్రయాణిస్తుందో తెలుస్తుంది. 20 జీఈవీ, అంటే 2,000 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉన్న ఫోటాన్‌ను తీసుకుందాం. అది రో మీసాన్ అంత బరువున్న, అంటే 0.775 జీఈవీ ద్రవ్యరాశి ఉన్న జంటగా మారిందనుకుంటే, ఆ రూపంలో సుమారు 13 ఫెమ్టోమీటర్లు వెళుతుంది. ప్రోటాన్ వ్యాసార్థం 0.84 ఫెమ్టోమీటర్లు. దానికి ఇది పదిహేను రెట్లు.

శక్తి పెరిగేకొద్దీ గడువూ పెరుగుతుంది. హేరాలోని ఫోటాన్‌ను ప్రోటాన్ పక్షాన నిలబడి చూస్తే దాని శక్తి వేల జీఈవీల్లో ఉంటుంది, జంటగా అది దాటే దూరం వేల ఫెమ్టోమీటర్లు అవుతుంది. ప్రోటాన్ దాపులకు రాకముందే ఫోటాన్ క్వార్కుల జంటగా మారి ఉండడానికి కావలసినంత వ్యవధి ఉందన్నమాట. ఆ క్వార్కులు కూడా ఊరికే ఉండవు. గ్లూవాన్లను వెలువరిస్తాయి, ఆ గ్లూవాన్లు మళ్లీ కొత్త క్వార్కు జంటలవుతాయి. ఫోటాన్ లోపల గ్లూవాన్లు ఉంటాయనడానికి ఆధారం ఇదే.

ఈ ఆలోచనకు 1960లో జె.జె. సకురాయ్ పునాది వేశారు. ప్రోటాన్ల లాంటి కణాలతో తలపడేటప్పుడు ఫోటాన్ తనతో సమానమైన స్పిన్ ఉన్న రో వంటి మీసాన్ రూపంలోనే తలపడుతుందన్నది ఆ బాటలో రూపుదిద్దుకున్న సిద్ధాంతం. అది చాలా మట్టుకు నిలిచింది. అయితే ఫోటాన్ ప్రోటాన్‌తో తలపడే అవకాశం, రెండు ప్రోటాన్లు ఒకదానితో ఒకటి తలపడే అవకాశంలో సుమారు 300వ వంతే. జంటగా మారడం ఎంత అరుదో ఈ అంకె చెబుతుంది. మారిన తర్వాత మాత్రం బలమైన కేంద్రక బలం తన పూర్తి ప్రతాపం చూపిస్తుంది.

విటెన్ లెక్క

రో మీసాన్ చిత్రంతో ఫోటాన్ కథ ముగిసిపోయి ఉంటే అది ప్రోటాన్ కథకు ఒక అనుబంధంగా మిగిలేది. ప్రోటాన్‌లో క్వార్కులు ద్రవ్యవేగాన్ని ఎలా పంచుకుని ఉన్నాయో, బలమైన కేంద్రక బలాన్ని వివరించే క్వాంటమ్ క్రోమోడైనమిక్స్ అనే సిద్ధాంతం మొదటి సూత్రాల నుంచి కలంతో లెక్కగట్టి చెప్పలేదు. ఒకచోట కొలిచి ఇస్తే, ఇంకా సూక్ష్మంగా చూసినప్పుడు ఆ పంపకం ఎలా మారుతుందో చెబుతుంది. ఫోటాన్‌కు ఇంకో పార్శ్వం ఉంది. క్వార్కు, ప్రతిక్వార్కు ఒకదాని నుంచి ఒకటి వేగంగా విడిపోతూ పుట్టే సందర్భాల్లో, ఆ పుట్టుక విద్యుదయస్కాంత సిద్ధాంతపు శుద్ధమైన లెక్క. అక్కడ ఊహాగానాలకు చోటు లేదు.

1973లో వాల్ష్, జెర్వాస్ ఈ పార్శ్వాన్ని క్వార్కుల నమూనాలో లెక్కగట్టారు. ఆ లెక్కలో రెండు అంశాలు నాకు ఎంతో ఇష్టం. మొదటిది, జంటలోని ఇద్దరూ ఫోటాన్ ద్రవ్యవేగాన్ని పంచుకునే పద్ధతి. ఒకరి వాటా వర్గాన్ని, రెండోవారి వాటా వర్గాన్ని కలిపితే ఆ పంపకానికి ఉన్న అవకాశం వస్తుంది. చెరి సగమైతే ఆ మొత్తం సగం. దాదాపు అంతా ఒకరికే పోతే ఆ మొత్తం ఒకటి. ఫోటాన్ నుంచి పుట్టే జంట సమాన పంపకం కన్నా అసమాన పంపకం వైపే మొగ్గుతుంది. రెండోది, విద్యుదావేశం నాలుగో ఘాతంలో రావడం. జంట పుట్టేటప్పుడు ఆవేశం వర్గం ఒకసారి వస్తుంది, పుట్టిన క్వార్కును ఎలక్ట్రాన్ తాకేటప్పుడు మరోసారి వస్తుంది. అప్ క్వార్కు ఆవేశం మూడింట రెండు వంతులు, డౌన్ క్వార్కుది మూడింట ఒక వంతు. వాటి మధ్య తేడా రెట్టింపే అయినా, ఫోటాన్ నిర్మాణంలో అప్ క్వార్కు పదహారు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. ప్రోటాన్‌ను ఎలక్ట్రాన్‌తో శోధించేటప్పుడు ఒక్కో క్వార్కుకు ఈ తేడా నాలుగు రెట్లే.

అయితే ఈ లెక్కలో గ్లూవాన్లు లేవు. వాటిని చేర్చి 1977లో లెక్క వేసింది ఎడ్వర్డ్ విటెన్, అప్పటికి పాతికేళ్లవాడు. తర్వాతి కాలంలో గణితంలో ఫీల్డ్స్ పతకం అందుకున్న విటెన్ ఈయనే. సమస్య ఏమిటంటే, క్వార్కులు గ్లూవాన్లను వెలువరించే కొద్దీ వాటి ద్రవ్యవేగం తరుగుతుంది. ప్రోటాన్‌ను మరింత సూక్ష్మంగా చూస్తే పెద్ద వాటా ఉన్న క్వార్కుల సంఖ్య తగ్గిపోవడానికి కారణం ఇదే. ఫోటాన్‌లో కూడా అదే తరుగుదల ఉంటుంది. కానీ మరోపక్క ఫోటాన్ నుంచి కొత్త జంటలు నేరుగా పుట్టుకొస్తూనే ఉంటాయి. తరుగునూ పుట్టుకనూ ఒకే సమీకరణంలో నిలిపి విటెన్ తేల్చిన ఫలితం ఇది: ఎంత సూక్ష్మంగా చూస్తే ఫోటాన్ నిర్మాణ ప్రమేయం, అంటే లోపల ఏ వాటా ఉన్న క్వార్కులు ఎంతగా కనిపిస్తాయో చెప్పే రాశి, అంత పెరుగుతూ పోతుంది. గ్లూవాన్ల వల్ల దాని ఆకృతి మారుతుందే తప్ప ఆ పెరుగుదల ఆగదు. పైగా, చాలా సూక్ష్మమైన పరిశీలనలో, ఆకృతినే కాక పరిమాణాన్నీ ప్రయోగం సాయం లేకుండా సిద్ధాంతమే చెప్పగలదు. ప్రోటాన్ విషయంలో దొరకని భాగ్యం ఇది.

తర్వాత 1979లో బార్డీన్, బూరస్ ఈ లెక్కను మరో మెట్టు ముందుకు తీసుకెళ్లారు. వాటా చాలా చిన్నదైన చోట ఒట్టి సిద్ధాంతపు లెక్క నిలవదని, రో మీసాన్ తరహా భాగాన్ని ప్రయోగం నుంచి తెచ్చి కలపాల్సిందేనని స్పష్టపడింది. దీనివల్ల విటెన్ పని విలువ తగ్గలేదు. ఎక్కడి దాకా సిద్ధాంతం తనంతట తాను నడవగలదో, ఎక్కడి నుంచి ప్రయోగం చేయి పట్టుకోవాలో ఆ హద్దు తెలిసింది.

ఎలక్ట్రాన్‌తో తాకి చూడడం

ఇక కొలవాలి. వెలుగును ఒకచోట కదలకుండా నిలిపి దాని మీదకు ఎలక్ట్రాన్‌ను వదలడం కుదరదు. ప్రయోగశాస్త్రజ్ఞులు వేసిన ఉపాయం వేరు. వేగంగా పోయే ప్రతి ఎలక్ట్రాన్ వెంటా దాని విద్యుదయస్కాంత క్షేత్రం ఫోటాన్ల ప్రవాహంలా నడుస్తుంది. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ ఎదురెదురుగా వచ్చే యంత్రంలో ఒక కణం దాదాపు వంగకుండా గొట్టంలో వెళ్లిపోతే, అది వదిలిన ఫోటాన్ నిజమైన వెలుగుతో సమానం. అదే లక్ష్యం. రెండో కణం గట్టిగా వంగి డిటెక్టర్‌కు చిక్కితే అదే శోధకం. ఎంత వంగిందో దాన్ని బట్టి ఎంత సూక్ష్మంగా చూశామో తెలుస్తుంది. జెనీవా దగ్గర సెర్న్‌లోని లెప్ యంత్రంలో 45.6 జీఈవీ ఎలక్ట్రాన్ శక్తి పెద్దగా కోల్పోకుండా మూడు డిగ్రీల కన్నా కొంచెం తక్కువ వంగిందనుకోండి. అది ప్రోటాన్ వ్యాసార్థంలో పదో వంతు దూరాల్ని విడివిడిగా చూసినట్టే. అంత చిన్న వంపును పట్టడానికి గొట్టానికి ఆనుకుని డిటెక్టర్లు బిగించారు.

ఈ పద్ధతిలో ఫోటాన్ నిర్మాణ ప్రమేయాన్ని మొదట కొలిచింది హాంబర్గ్‌లోని డెజీ ప్రయోగశాలలో, పెట్రా యంత్రం మీద పనిచేసిన ప్లూటో బృందం. ఆ ఫలితం 1981లో వెలువడింది. గ్లూవాన్ ఉనికి బయటపడింది కూడా అదే యంత్రం మీద, 1979లో. తర్వాత రెండు దశాబ్దాల పాటు ఎన్నో బృందాలు ఈ కొలతను కొనసాగించాయి. లెప్‌లోని ఓపాల్ బృందం, శోధన సూక్ష్మతకు కొలమానమైన రాశి సగటున 780 జీఈవీ వర్గం ఉండే చోటి దాకా వెళ్లింది. విటెన్ చెప్పిన పెరుగుదల అంకెల్లో కనబడింది. వాటా పెద్దదైన చోట ప్రోటాన్ నిర్మాణ ప్రమేయం తరిగిపోతుంటే ఫోటాన్‌ది నిలదొక్కుకుని పెరగడం, ఆ జంట నేరుగా పుడుతోందనడానికి సాక్ష్యం. ఈ కొలతలన్నీ కలిపి బలమైన కేంద్రక బలం తీవ్రతను లెక్కగడితే, జెడ్ బోసాన్ ద్రవ్యరాశి దగ్గర 0.12 వచ్చింది. పూర్తిగా వేరే పద్ధతుల్లో వచ్చిన విలువ 0.118.

ఈ కొలతలో ఒక పెద్ద చిక్కు ఉంది. క్వార్కు వాటా తెలియాలంటే, ఫోటాన్ బద్దలై వచ్చిన కణాలన్నిటి మొత్తం ద్రవ్యరాశి తెలియాలి. వాటిలో చాలా కణాలు గొట్టం వెంట జారిపోతాయి. దొరికిన వాటినే లెక్కిస్తే ద్రవ్యరాశి తక్కువగా, వాటా ఎక్కువగా తేలుతుంది. పోయినవెన్నో కంప్యూటర్ నమూనాలతో అంచనా వేయాలి, ఆ నమూనాలు సరైనవో కావో మళ్లీ సరిచూడాలి. ఆలెఫ్, ఎల్‌3, ఓపాల్ బృందాలు పోటీ పక్కనపెట్టి తమ డేటాను ఒకే రీతికి తెచ్చి నమూనాలతో పోల్చి చూసింది ఇందుకే. మరో పరిమితి కూడా ఉంది. ఎలక్ట్రాన్‌కు కనబడేది విద్యుదావేశం ఒక్కటే. గ్లూవాన్‌కు ఆవేశం లేదు కాబట్టి ఈ పద్ధతికి అది నేరుగా చిక్కదు.

హేరాలో ఒక తీసివేత

గ్లూవాన్ల కోసం శోధకం కూడా క్వార్కులు, గ్లూవాన్లు ఉన్నదే కావాలి. ప్రోటాన్ అలాంటిదే. హేరాలో 27.5 జీఈవీ ఎలక్ట్రాన్లు ఒక వైపు నుంచి, 820 జీఈవీ ప్రోటాన్లు ఎదురుగా వచ్చేవి, తర్వాతి సంవత్సరాల్లో ప్రోటాన్ శక్తిని 920కి పెంచారు. ఎలక్ట్రాన్ వదిలిన ఫోటాన్ ప్రోటాన్‌ను తాకితే రెండు దిక్కులకు రెండు కణాల జల్లులు, అంటే జెట్లు చిమ్ముతాయి. ప్రశ్న ఏమిటంటే, ఫోటాన్ తన శక్తినంతా ఆ రెండు జెట్లలో పెట్టిందా, కొంతే పెట్టిందా? ఫోటాన్‌ను ఒక రూపాయి అనుకుంటే అందులో ఎన్ని పైసలు ఖర్చయ్యాయి?

శక్తిని నేరుగా కూడి ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేం. ఫోటాన్ శక్తి పది జీఈవీ అయితే ప్రోటాన్‌ది 820. జెట్లలో ఏ భాగం ఎవరి చలవో విడదీయడం ఎలా? హేరాలో పనిచేసిన జియస్, హెచ్‌1 బృందాలు వాడిన రాశిని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ప్రోటాన్ పోయే దిక్కును ధన దిక్కుగా పెట్టుకుని, ప్రతి కణం శక్తి నుంచి ఆ దిక్కులో దాని ద్రవ్యవేగాన్ని తీసివేస్తారు. ధన దిక్కులో దూసుకుపోయే ప్రోటాన్‌కు శక్తి, ద్రవ్యవేగం దాదాపు సమానం కాబట్టి 820 జీఈవీ ప్రోటాన్‌కు ఈ తీసివేత విలువ 0.0005 జీఈవీ. అంటే సున్నా. ఎదురుగా వచ్చే 10 జీఈవీ ఫోటాన్‌కు ద్రవ్యవేగం రుణం కాబట్టి తీసివేత కూడిక అవుతుంది, విలువ 20. ఎనభై రెట్లు బలమైన ప్రోటాన్ పద్దులోంచి తనంతట తానే తప్పుకుంటుంది, ఫోటాన్ మాత్రమే మిగులుతుంది. ప్రోటాన్ తునకలు గొట్టం వెంట జారిపోయి దొరకకపోయినా ఫలితం చెడదు, ఎందుకంటే వాటి విలువా దాదాపు సున్నాయే.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఎలక్ట్రాన్ 27.5తో వచ్చి 17.5 జీఈవీతో వెళ్లినట్టు దూరాన అమర్చిన చిన్న డిటెక్టర్ చెప్పింది. కాబట్టి ఫోటాన్ శక్తి 10, పద్దులో జమ 20. రెండు జెట్లూ గొట్టానికి లంబంగా, ఒక్కొక్కటి 10 జీఈవీతో వెళ్లాయనుకోండి. ధన దిక్కులో వాటి ద్రవ్యవేగం సున్నా. ఖర్చు 10, 10 కలిపి 20. రూపాయికి రూపాయీ ఖర్చయింది, ఫోటాన్ మొత్తంగా పాల్గొంది. ఇంకో ఢీలో రెండు జెట్లకూ లంబ దిశలో అదే 10 జీఈవీ ఉంది, కానీ రెండూ ప్రోటాన్ దిక్కుకు 40.4 డిగ్రీల కోణంలో వంగాయి. అప్పుడు ఒక్కొక్క దాని శక్తి 15.4, ధన దిక్కు ద్రవ్యవేగం 11.7, తేడా సుమారు 3.7. రెండిటికీ కలిపి 7.4. ఇరవైని రూపాయి అనుకుంటే ఇది 37 పైసల ఖర్చు. మిగిలిన 63 పైసలు ఎలక్ట్రాన్ దిక్కున ఫోటాన్ అవశేషంగా పోయి ఉండాలి. అక్కడ వెతికితే ఆ అవశేషపు కణాలు నిజంగానే దొరికాయి.

ఇలా వేల ఢీలకు లెక్క వేసి పటం గీస్తే రెండు గుంపులు తేలాయి. ఒకటి రూపాయి దగ్గర ఎత్తుగా లేచింది. రెండోది చిన్న విలువల వైపు పరుచుకుంది. 75 పైసల దగ్గర గీత గీసి, పైవాటిని నేరు ఢీలుగా, కిందివాటిని ఫోటాన్ లోని భాగం పాల్గొన్న ఢీలుగా ఎంచారు. ఆ గీత సరైనదేనా అని మరో దారిలో పరీక్షించడం ఇంకా మెచ్చదగ్గ పని. నేరు ఢీలలో మధ్యవర్తి క్వార్కు, స్పిన్ సగం. రెండో రకంలో మధ్యవర్తి ప్రధానంగా గ్లూవాన్, స్పిన్ ఒకటి. మధ్యవర్తి స్పిన్ ఎంతో దాన్ని బట్టి జెట్లు ఏ కోణంలో చిమ్మాలో మారుతుంది. కోణం కోసైన్ 0.8 ఉన్న చోట, సున్నా ఉన్న చోటితో పోలిస్తే, మొదటి రకం సుమారు 5 రెట్లు పెరగాలి, రెండో రకం 25 రెట్లు. జియస్ బృందం 1996లో ప్రచురించిన కొలతలో రెండు గుంపులూ రెండు వేరు వేరు వంపులతో విడిపోయాయి. గీతకు కింద ఉన్నవి చాలా నిటారుగా లేచాయి. పైసల లెక్క గీసిన గీత సరైనదని కోణాలు స్వతంత్రంగా సాక్ష్యం చెప్పాయి.

అంతకు ముందే, 1995లో హెచ్‌1 బృందం మరో అడుగు వేసింది. ఫోటాన్‌లో క్వార్కుల వాటా ఎలక్ట్రాన్ ప్రయోగాల వల్ల తెలుసు. ఆ భాగాన్ని తమ కొలతలోంచి తీసేస్తే మిగిలింది గ్లూవాన్ల వాటా. వాటా విలువ చిన్నదయ్యే కొద్దీ ఆ గ్లూవాన్లు పెరుగుతూ కనిపించాయి.

ఈ పైసల లెక్క నమ్మదగ్గది కావాలంటే జెట్ల శక్తిని తప్పు లేకుండా కొలవాలి. జియస్ కాలొరీమీటర్ ఇందుకు ప్రసిద్ధి. 3.3 మిల్లీమీటర్ల యురేనియం పలకలు, కణాలు తాకితే మెరిసే 2.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి దాన్ని కట్టారు. మామూలుగా ఎలక్ట్రాన్లు ఒక రకంగా, ప్రోటాన్ల వంటివి ఇంకో రకంగా సంకేతమిస్తాయి. జెట్‌లో రెండు రకాలూ కలగలిసి ఉంటాయి కనుక ఆ తేడా కొలతను పాడు చేస్తుంది. పలకల మందాన్ని సరిగ్గా కుదిర్చి ఆ రెండు సంకేతాలూ సమానమయ్యేలా చేశారు. యురేనియం సహజ రేడియోధార్మికత వల్ల నిత్యం వచ్చే చిన్న సంకేతాన్ని పరికరం తిన్నగా పనిచేస్తోందో లేదో చూసుకునే ప్రమాణంగా వాడుకున్నారు.

మన దేశం నుంచి

ఈ కథలో భారతీయ అధ్యాయం కూడా ఉంది. పుణెలో పుట్టిన రోహిణీ గోడ్‌బోలే, జర్మన్ శాస్త్రజ్ఞుడు మాన్యుయెల్ డ్రీస్‌తో కలిసి, హేరా నడవకముందే, 1980ల చివర్లో, అక్కడ కనబడే జెట్లలో ఫోటాన్ లోని క్వార్కులు, గ్లూవాన్ల పాత్ర ఎంత పెద్దదో లెక్కగట్టారు. 1990ల మొదట్లో వారిద్దరూ మరో ముఖ్యమైన హెచ్చరిక చేశారు. ఎలక్ట్రాన్, పాజిట్రాన్ యంత్రాల్లో ఢీలు శుభ్రంగా ఉంటాయన్నది అందరి నమ్మకం. కానీ భవిష్యత్తులో కట్టబోయే అధిక శక్తి యంత్రాల్లో ఫోటాన్లు తమ లోపలి క్వార్కులు, గ్లూవాన్ల ద్వారా ఒకదానితో ఒకటి ఢీకొని, అనవసరమైన కణాల రద్దీని పుట్టిస్తాయని వారు చూపించారు. అప్పటి నుంచి అలాంటి యంత్రాల రూపకల్పనలో ఈ రద్దీని లెక్కలోకి తీసుకోవడం తప్పనిసరి అయింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో దశాబ్దాలు పనిచేసిన గోడ్‌బోలేకు 2019లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆమె కన్నుమూశారు.

ఇంత చెప్పాక నా తీర్పు ఇది. ఫోటాన్‌కు నిర్మాణం ఉందన్న వార్త ఎంత గొప్పదో, ప్రోటాన్‌ను పద్దులోంచి తొలగించిన ఆ తీసివేత అంతకు తక్కువ కాదు. పెద్ద యంత్రాలు, వందల మంది బృందాలు అందరి కళ్లకూ కనిపిస్తాయి. ఏది లెక్కించాలో ఎంచుకున్న వివేకం కనబడదు, ఆ యంత్రాలకు విలువ తెచ్చింది మాత్రం అదే. భౌతికశాస్త్రం బోధించే మన అధ్యాపకులకు ఒక మనవి. పైన వేసిన 20 జమ, 7.4 ఖర్చు ఉదాహరణను డిగ్రీ తరగతిలో బోర్డు మీద ఒకసారి వేయించండి. అందుకు త్రికోణమితి, కూడిక, తీసివేత వస్తే చాలు, అరగంటలో పూర్తవుతుంది.